మెట్ల వీధిలో తెల్ల దీపం

"దీపం పోయింది, వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. ఇంతకన్నా నాకేం తెలీదు మేడమ్. పోలీసులకీ ఇదే చెప్పాను," అన్నాడు టైలరు.

చెప్పి, కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసి ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు. సూదిలో దారం లేదు. అతనికి ఎదురుగా స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్ ఆ సంగతి గమనించింది గానీ ఏమీ అనలేదు. భయపడ్డవాడి చేతులకి ఏదో ఒక పని ఉండాలి.

ఆమెను అందరూ దీపాలమ్మ అంటారు. డిటెక్టివ్ కాకముందు కరెంటు ఆఫీసులో దీపాల పరీక్ష గదిలో పనిచేసింది. కొత్త దీపం ఎంతకాలం బతుకుతుంది, ఎలా ముసలిదవుతుంది, ఎలా చస్తుంది అని చూడటమే ఆ గదిలో పని. భర్త పోయాక ఆ ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చింది. ఇప్పుడు మనుషులు ఎలా చచ్చారో చూస్తోంది. పనిలో పెద్ద తేడా లేదని ఆమే అంటుంది, నవ్వకుండా.

టైలరు గది మేడ మీద ఉంది. ఇనప కమ్మీల కిటికీలోంచి చూస్తే మెట్ల వీధి కింది నుంచి పైదాకా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. పైమెట్టు దగ్గర పొడుగాటి దీపస్తంభం. దాని పక్కనే మందుల షాపావిడ ఇల్లు. కిందిమెట్టు దగ్గర, సరిగ్గా ఈ కిటికీకి ఎదురుగా, పోయిన వారం చీకటి పడిన కాసేపటికి ఆవిడ తల పగిలి పడి ఉంది.

పోలీసులు ఆ కేసును చిటికెలో తేల్చేశారు. నెల రోజులుగా ఆ స్తంభం మీది దీపం తిక్కగా ఉంది. బాగా వెలుగుతూ వెలుగుతూ ఉన్నట్టుండి ఆరిపోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది. వీధివాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా లైన్‌మన్ బాగు చెయ్యలేదు. ఆ చీకట్లో ఆవిడ కాలు జారింది. కాబట్టి తప్పు లైన్‌మన్‌ది. అతన్ని తీసుకెళ్ళి లాకప్పులో కూర్చోబెట్టారు. అతని భార్య వచ్చి దీపాలమ్మ గుమ్మం ముందు నిలబడి, మా ఆయన బద్ధకస్తుడే గానీ ఒకరి ప్రాణం తీసే రకం కాదని చెప్పి, ఈ కేసు చూడమని వేడుకుంది.

పొద్దున దీపాలమ్మ లాకప్పుకి వెళ్ళి అతనితో మాట్లాడింది. తను రెండుసార్లు వచ్చానని, రెండుసార్లూ పగలే వచ్చానని, అంతా సరిగ్గానే ఉందని అతను చెప్పాడు. చీకటి పడ్డాక ఎందుకు రాలేదని అడిగితే తల గోక్కున్నాడు. ఆ మెట్ల మీద ఎవరో నడుస్తారట, వాళ్ళు కిందికి రాగానే దీపం ఆరిపోతుందట, వీధి వీధంతా చెప్పుకుంటున్నారట. తనకి పిల్లలున్నారని, దెయ్యాలతో పెట్టుకునే జీతం తనది కాదని అన్నాడు.

నిజమే, నెల రోజులుగా పొద్దు గూకితే ఆ మెట్లు ఎవరూ ఎక్కడం లేదు. చుట్టు తిరిగైనా పెద్ద రోడ్డు మీంచి పోతున్నారు. ఒక్క మందుల షాపావిడే దెయ్యాల్ని నమ్మలేదు.

"మొదటిసారి దీపం పోయినప్పుడు ఏం విన్నావు?" అని అడిగింది దీపాలమ్మ.

కేక వినలేదన్నాడు టైలరు. 'ఎవరది' అన్న మాట విన్నాడు. అది ఆవిడ గొంతే. ఆ తర్వాత బస్తా దొర్లినట్టు చప్పుడు. అతను లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. అంతలో దీపం వచ్చింది.

"ఎంతలో?"

"రెప్ప వేసి తీసేంతలో. చూస్తే కింద ఆవిడ పడి ఉంది. మెట్ల మీద పురుగు లేదు మేడమ్. పైనా లేరు, కిందా లేరు. ఎవరైనా తోసి ఉంటే అంతలో ఎక్కడికి పోతారు? అందుకే నాకు..." అని ఆగి, మిగతాది చక్రంతో పాటు తిప్పేశాడు.

"ఆవిడ ఒంటి మీద ఏముంది?"

"నల్ల కోటు. నేను కుట్టిందే. మెడలో మాత్రం కొత్త స్కార్ఫు ఉంది. నెమలికంఠం రంగు. అంతకుముందు ఎప్పుడూ చూళ్ళేదు ఆవిడ దగ్గర."

"నెమలికంఠమని అంత గట్టిగా ఎలా చెప్తున్నావు? నీలం కావచ్చు, ఆకుపచ్చ కావచ్చు."

టైలరుకి మొదటిసారి కాస్త పౌరుషం వచ్చింది. ఇన్నేళ్ళు బట్టల మధ్య బతికి, నీలానికీ నెమలికంఠానికీ తేడా తెలియకపోతే ఈ పాటికి కత్తెర అమ్ముకుని పోయేవాణ్ణని అన్నాడు. దీపాలమ్మ తల ఊపింది. అతను నిజం చెబుతున్నాడని ఆమెకు అప్పుడే నమ్మకం కుదిరింది. పోలీసుల దగ్గర ఉన్న ఆ స్కార్ఫును ఆమె పొద్దున చూసింది. అది అచ్చంగా నెమలికంఠం రంగే.

ఇంకేమైనా తేడాగా అనిపించిందా అని అడిగింది. టైలరు చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. ఆ స్తంభం దీపం ఎప్పుడూ ఎత్తు నుంచి వాలి, కిటికీ కింద మిషను కాళ్ళ దగ్గరే పడుతుందట. ఆ రోజు మాత్రం కిటికీ కమ్మీల నీడలు గది దాటి వెళ్ళి వెనక గోడ మీద నిలబడ్డాయట. కిందికి దిగడానికి మెట్లు వెతుక్కునేసరికి దీపం మళ్ళీ పోయింది. తడుముకుంటూ ఆవిడ దగ్గరికి చేరి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, సాయం కోసం అరుస్తూ ఉంటే, చాలాసేపటికి స్తంభం మీద ఎర్రగా చిన్న మిణుకు కనిపించి మెల్లగా పెరిగింది.

దీపాలమ్మ లేచి కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఆ స్తంభం కేసి చూసింది. ఆకాశం నిండా మబ్బు పట్టి, మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది.

"నువ్వు చెప్పిన నాలుగు ముక్కలూ నిజమే," అంది. "పోలీసులే వాటిని ఒకే ముక్క అనుకున్నారు."

*

ఇన్‌స్పెక్టర్ జీపు దిగుతూనే మొహం చిట్లించాడు. అతను ఆమెకు మరిది, పోయిన భర్తకు తమ్ముడు. చదువుకునే రోజుల్లో ఆమె ఇంట్లోనే ఉండి, ఆమె వండింది తిని పెద్దవాడయ్యాడు. అందుకని ఆమె ముందు గొంతు పెంచలేడు, తగ్గించనూ లేడు.

"వదినా, లైన్‌మన్‌ని లాకప్పులోంచి తీసి ఇక్కడికి పట్టుకురమ్మంటే తెచ్చాను. మా పెద్దాయనకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఏం చూపిస్తారో తొందరగా చూపించండి."

"తొందరపడితే ఈ దీపం మాట వినదయ్యా. అదే చూపిస్తాను," అంది దీపాలమ్మ.

లైన్‌మన్ నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాడు. దీపం గిన్నె నెత్తిన పిడికిలంత బిళ్ళ ఒకటి ఉంది. దాన్ని లైన్‌మన్లు కన్ను అంటారు. వెలుతురు తగ్గితే అది దీపాన్ని వెలిగిస్తుంది, వెలుతురు పెరిగితే ఆర్పేస్తుంది. తెల్లారిందో పొద్దు గూకిందో దానికి తెలిసే దారి అదొక్కటే. దీపాలమ్మ టైలరు దగ్గర తెచ్చిన నల్ల గుడ్డను దానికి గంతలా కట్టమంది.

కట్టాక కొంతసేపు ఏమీ జరగలేదు. కన్ను వెంటనే నమ్మదు. మబ్బు అడ్డొచ్చిన ప్రతిసారీ వెలగకుండా కాస్త ఆగి చూసుకునేలా దాన్ని చేస్తారు. తర్వాత పైన టక్కుమంది. గిన్నెలో నీలి ఎరుపుగా ఒక మిణుకు పుట్టింది. తేనెటీగలు మూగినట్టు సన్నటి రొద. మిణుకు ఎర్రబడి, పసుపుబడి, చివరికి నారింజ రంగులో నిండుగా వెలిగింది. పట్టపగలు వెలుగుతున్న ఆ దీపాన్ని చూసి వీధిలో ఒకావిడ గబగబా కిటికీ మూసేసుకుంది.

"ఇప్పుడు గంత తియ్యి," అంది దీపాలమ్మ. తీశాడు. కాస్త ఆగి దీపం ఆరింది. "మళ్ళీ కట్టు."

మళ్ళీ కట్టాడు. టక్కుమన్న చప్పుడు వచ్చింది గానీ వెలుగు రాలేదు. ఇన్‌స్పెక్టర్ తల ఎత్తి చూస్తూ నిలబడ్డాడు. మెడ పట్టేసిందేమో, రుద్దుకున్నాడు. వాచీ చూసుకున్నాడు. అటూ ఇటూ నాలుగు అడుగులు వేశాడు.

"పాడైపోయింది. నేను చెప్పింది అదేగా," అన్నాడు.

"పాడవలేదు. వేడెక్కి ఉంది. ఇది సోడియం దీపం. లోపల ఆవిరి మండుతుంది. ఒకసారి ఆరిందంటే ఆ ఆవిరి చల్లారితే గానీ మళ్ళీ అంటుకోదు. అంటుకున్నా ఇందాక చూశావుగా, నెలలు నిండని పిల్లలా మిణుకుమిణుకుమంటూ పెరగాల్సిందే. రెప్పపాటులో ఆరి రెప్పపాటులో వెలగడం దీని జాతకంలో లేదు."

అయితే టైలరు అబద్ధం చెప్పాడన్నమాట అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతన్నీ పట్టుకెళ్ళాలన్నాడు. దీపాలమ్మ నిట్టూర్చింది. చిన్నప్పుడూ ఇంతే, లెక్క తప్పితే పుస్తకం మీద కోపం తెచ్చుకునేవాడు.

వాళ్ళు మాట్లాడుకుంటుండగానే, నిండా ఒక కాఫీ తాగేంత సేపటికి, పైన మిణుకు పుట్టింది. టైలరు తన గుమ్మంలోంచి దాన్ని చూసి, "ఆ రోజు చివర వచ్చింది ఇదే మేడమ్," అన్నాడు.

దీపాలమ్మ గంత తీయించి, లైన్‌మన్‌ని కానిస్టేబుల్‌తో జీపులో వెనక్కి పంపించేసింది. ఇన్‌స్పెక్టర్ని మాత్రం ఉండమంది. స్కార్ఫు తెప్పించి అతని చేత పట్టించుకుని, చీకటి పడేదాకా కిందిమెట్టు మీద కూర్చుంది. మరిది పక్కన కూర్చుని, నెలనుంచీ ఇంటికి రావట్లేదేమని ఆమె అడుగుతుందేమోనని భయపడుతూ ఉన్నాడు. ఆమె అడగలేదు.

పొద్దు గూకింది. దీపం దానంతటదే వెలిగి నారింజ రంగుకు వచ్చింది. దీపాలమ్మ స్కార్ఫును మెట్టు మీద పరిచింది.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. అది మసిగుడ్డలా ఉంది. నలుపో బూడిదో చెప్పలేని రంగు. అతను దాన్ని తిరగేసి కూడా చూశాడు.

"నెమలి పోయి కాకి మిగిలింది," అంది దీపాలమ్మ. "ఈ వెలుగులో పసుపు తప్ప ఇంకో రంగు లేనట్టే. లేని రంగును ఏ బట్టయినా ఎక్కణ్ణుంచి చూపిస్తుంది? కానీ టైలరు దీన్ని నెమలికంఠం అన్నాడు. ఈ దీపం కింద అది ఎవడికీ కనపడదు."

"అంటే?"

"రెండోసారి వచ్చింది ఈ దీపం కాదు. తెల్ల దీపం. ఎవరో తెచ్చిన దీపం."

ఆమె మెల్లగా, తొందర లేకుండా చెప్పుకుంటూ పోయింది. పైమెట్టు దగ్గర ఒకడు గురి తప్పని గట్టి లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఇంట్లోంచి బయటికి వచ్చే వేళకి దాన్ని స్తంభం మీది కంటిలోకి కొట్టాడు. కన్ను తెల్లారిందనుకుని దీపాన్ని ఆర్పేసింది. చీకట్లో ఆవిడ 'ఎవరది' అంది. అతను తోశాడు. తర్వాత చచ్చిందో లేదో చూసుకోవడానికి అదే లైటు కిందికి తిప్పాడు. స్తంభం అంత ఎత్తున కాక మనిషి ఛాతీ ఎత్తున ఉంది గనకే, కమ్మీల నీడలు టైలరు గదిలో వెనక గోడ దాకా పోయాయి. నెల రోజులుగా దీపం ఆరిందీ దెయ్యం వల్ల కాదు, వాడి సాధన వల్లే. ఎంతసేపు కొడితే ఆరుతుందో, ఎంతసేపటికి వస్తుందో నేర్చుకున్నాడు. పనిలో పనిగా వీధి జనం మెట్లు ఎక్కడం మాన్పించాడు.

"మరి టైలరు తనకి మనిషి కనపడలేదన్నాడే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె టైలరు కేసి తిరిగింది. అతను గుమ్మంలోంచి ఎప్పుడు వచ్చాడో, వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాడు.

"ఎదురుగా లారీ లైట్లు వేసుకుని వస్తే డ్రైవరు మొహం కనిపిస్తుందా? వెలుగు ముందు ఉన్నది కనిపిస్తుంది. వెలుగు వెనక ఉన్నది గోడ అవతల ఉన్నట్టే. మెట్ల మీద పురుగు లేదన్నావే, పైమెట్టు మీద మనిషి ఉన్నాడు. అక్కడే నిలబడి, ఆవిణ్ణి చూశాడు. కిటికీలో నిలబడ్డ నిన్నూ చూశాడు."

టైలరు మెట్టు మీద కూలబడ్డాడు.

"అయితే ఆ తెల్లమచ్చ," అన్నాడు. "అది ఆవిడ కాదా?"

*

గదిలో వెనక గోడకి అడ్డంగా కుట్టాల్సిన బట్టలు వేలాడుతున్నాయి. టైలరు వాటిని పక్కకి లాగాడు. గోడ మీద సుద్దతో గీసిన సున్నాలున్నాయి. బట్టల మీద గీతలు గీసుకునే సుద్దే. ఒకటి కప్పు కింద ఉంది, ఒకటి దానికి దిగువన, మరొకటి ఇంకా దిగువన. ప్రతి సున్నాలోనూ కూడిక గుర్తులా రెండు గీతలు.

ఆవిడ పోయిన మర్నాటి నుంచీ రోజూ చీకటి పడగానే తెల్లటి వెలుగు మచ్చ ఒకటి ఆ గోడ మీద వాలుతోందట. కాసేపుండి పోతోందట. తనకి పిచ్చి ఎక్కిందో, నిజంగా ఉందో తేల్చుకోవడానికి మూడు రోజులు దాని అంచు వెంట సుద్ద గీశాడట. పోలీసులకి చెబితే నవ్వుతారని చెప్పలేదు. రోజు రోజుకీ అది కిందికి దిగుతోంది. చివరి సున్నా, మిషను ముందు కూర్చున్న మనిషి తల ఎత్తుకు వచ్చి ఆగింది.

ఇన్‌స్పెక్టర్ తన ప్రమేయం లేకుండానే కిటికీకి ఎదురు లేకుండా పక్కకు జరిగాడు.

"ఈ కూడిక గుర్తేమిటి?" అన్నాడు.

"మచ్చలో అక్కడ నీడ ఉండేది సార్. అదీ గీశాను."

దీపాలమ్మ కిటికీ కమ్మీలు చూసింది. నిలువు కమ్మీ అడ్డ కమ్మీ కలిసిన చోటి నీడ అది. టైలరు దగ్గర దారం ఉండ తీసుకుని, ఒక కొసను చివరి సున్నాలోని కూడిక గుర్తు మీద సూదితో గుచ్చింది. దారాన్ని లాగి బిర్రుగా కమ్మీల కూడలికి కట్టింది. వెలుగుకి వంకర నడక తెలియదు. ఆ దారం ఎటు చూపిస్తే అటు నుంచే అది వచ్చి ఉండాలి. ఆమె గోడ దగ్గర ఒంగి, ఒక కన్ను మూసి, దారం వెంట చూసింది. తర్వాత మరిదిని పిలిచి చూడమంది.

అతను చూసి, నిటారుగా నిలబడి, మళ్ళీ ఒంగి చూశాడు.

"అది ఆవిడ ఇల్లు. మేడ గది," అన్నాడు. "దానికి నేను సీలు వేశాను వదినా. తాళంచెవి నా దగ్గరే ఉంది." జేబులోంచి తీసి చూపించాడు కూడా.

"ఇంటికి తలుపులెన్ని?"

వంటగది వెనక ఒక తలుపు ఉందన్న సంగతి అతని మొహంలోనే తెలిసింది. సీలు వీధి తలుపుకి వేశారు.

ఆ వెనక తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందని దీపాలమ్మ అడిగింది. పోయినావిడ భర్త దగ్గర ఉండాలన్నాడు. కానీ ఆయన ఆ రోజు ఊళ్ళోనే లేడు. నాటక సమాజంతో వేరే ఊళ్ళో ఉన్నాడు. కబురు తెలిసి మర్నాడు వచ్చి, శవం మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. సమాజం వాళ్ళందరూ సాక్ష్యం చెప్పారు, ఆ పూట నాటకం ఆయన లేకుండా జరిగేదే కాదని.

"ఏం వేషం వేస్తాడు?"

"వేషం కాదు వదినా. ఆయన లైట్లు వేస్తాడు." ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అతనికి దాని బరువు తెలియలేదు. నోరు అలాగే తెరుచుకుని ఉంది.

ఈ కాలం నాటకాల్లో లైట్ల దగ్గర మనిషి ఉండనక్కర్లేదని దీపాలమ్మ చెప్పింది. ఏది ఎప్పుడు వెలగాలో, ఎటు తిరగాలో పెట్టెకి ఒకసారి నేర్పితే చాలు. మీట నొక్కడానికి ఎవరైనా సరిపోతారు. చీకట్లో వెనక కూర్చునేవాణ్ణి తెర ముందున్నవాళ్ళు ఎప్పుడూ చూడరు కూడా.

అప్పుడు టైలరు అడక్కుండానే ఒక మాట చెప్పాడు. ఆవిడ పోవడానికి నెల ముందు వచ్చి, రెండు పెద్ద గుడ్డ సంచులు కుట్టిమ్మందట. వచ్చే నెలాఖరుకి మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను, ఇక రాను, ఎవరికీ చెప్పకు అందట. సంచులు ఇంకా ఆ మూలే ఉన్నాయి. "నేను ఒక్కరికే చెప్పాను మేడమ్," అన్నాడు టైలరు. "ఆవిడ భర్తకే. ఇంట్లో మనిషే కదా, తెలిసే ఉంటుందనుకుని సంచులు ఎవరికివ్వాలని అడిగాను."

దీపాలమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. గదిలో లైటు ఆర్పెయ్యమంది. బయటిది బాగా కనపడాలంటే లోపల చీకటి ఉండాలి.

స్తంభం మీది నారింజ వెలుగు వాలుగా వచ్చి, అతను చెప్పినట్టే మిషను కాళ్ళ దగ్గర పడి ఉంది. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. చూస్తుండగానే అది పోయింది.

వీధి మొత్తం చీకటి. పైనెక్కడో కుక్క ఒకటి మొరిగి, మధ్యలోనే ఆపేసింది.

"వచ్చాడు," అని గొణిగాడు ఇన్‌స్పెక్టర్. ఆమె ఆపేలోపే తుపాకీ తీసి మెట్లు దిగాడు. అతని బూట్ల చప్పుడు వీధి దాటి, రాతి మెట్లెక్కుతూ దూరమైంది. మంచిదే అనుకుంది దీపాలమ్మ. లైటు వెనక మనిషి ఉంటాడు. అక్కడే పట్టుకోవచ్చు.

సీలు వేసిన ఇంటి మేడ గదిలో తెల్లటి వెలుగు పుట్టింది. అది కిటికీ కమ్మీల మధ్యనుంచి గదిలోకి వచ్చి గోడ మీద వాలింది. దీపాలమ్మ టైలరుని కిందికి నొక్కి, బల్ల వెనక కూర్చోబెట్టింది. వెలుగు మచ్చ కప్పు దగ్గర మొదలై కిందికి జారింది. మొదటి సున్నా దాటింది, రెండోది దాటింది. చివరి సున్నాలోకి వచ్చి, మూత పెట్టినట్టు సరిగ్గా అందులో కూర్చుంది.

ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఏదో తప్పుగా ఉంది. ఏమిటో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

ఆ వెలుగు వణకడం లేదు. చేత్తో పట్టుకున్న లైటు ఎంత గట్టివాడిదైనా అంత దూరాన కాస్త ఊగుతుంది. ఊపిరితో పాటు కదులుతుంది. ఇది గడియారం ముల్లులా దిగింది, మేకు కొట్టినట్టు ఆగింది. ఇది నేర్పిన లైటు, ఇందాక స్తంభం కంటిలోకి కొట్టిందీ ఇదే. దీని వెనక ఎవరూ లేరు.

పైనుంచి, వీధి అవతలి నుంచి ఇన్‌స్పెక్టర్ అరుపు సన్నగా వినిపించింది. ఇక్కడెవరూ లేరు వదినా, లైటు ఒక్కటే తిరుగుతోంది అంటున్నాడు.

అదే క్షణంలో టైలరు ఇంటి చెక్క మెట్లు కింద కిర్రుమన్నాయి.

ఒక మెట్టు. ఇంకొకటి. తొందరలేని నడక. బూట్లు కావు, ఒట్టి పాదాలు. దీపాలమ్మ గోడవారగా జరిగి మిషను వెనక్కి చేరింది. కుట్టు మీద వెలుగు పడటానికి మిషనుకి మెడ వంచే చిన్న లైటు ఒకటి ఉంది. దాని మెడను తలుపు వైపు తిప్పి, మీట మీద వేలు పెట్టి ఆగింది. తెల్లమచ్చ గోడ మీద అలాగే ఉంది గానీ దాని చుట్టూ ఉన్న చీకటి ఇంకా చిక్కబడింది.

తలుపు తెరుచుకుంది. ఆమె మీట నొక్కింది.

గుమ్మంలో మనిషి మోచేయి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రెండో చేతిలో లైట్ల స్టాండు నుంచి ఊడదీసిన ఇనప గొట్టం ఉంది. బల్ల వెనక నుంచి టైలరు మూలిగాడు. ఆ మూలుగులోనే వచ్చినవాడు ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

"ఇప్పుడు మీరు నాకు కనిపిస్తున్నారు. నేను మీకు కనిపించను," అంది దీపాలమ్మ. "గొట్టం కింద పెట్టండి. మీ ఇంట్లో పోలీసులున్నారు."

అతను చెయ్యి దించాడు. నలభై దాటిన మొహం, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ఆ ఏడుపు దొంగది కాదని ఆమెకు అనిపించింది, దానికే ఎక్కువ భయం వేసింది. అతను వెలుగులోకి చూడటానికి ప్రయత్నించలేదు. పెనుగులాడలేదు. నిద్రపోబోయేవాడిలా నెమ్మదిగా కళ్ళు మూసుకున్నాడు. జీవితమంతా తెర వెనక చీకట్లో, ఎవరికీ తగలకుండా తిరగడం అలవాటైన మనిషి. తల కొంచెం పక్కకి వంచాడు, చెవి ఇటు పెట్టి. ఆమె గొంతు వచ్చిన వైపుకి, గుడ్డల కుప్ప దాటుకుని, స్టూలు తప్పించుకుని, సరిగ్గా నడవడం మొదలుపెట్టాడు.

దీపాలమ్మ నోరు మూసుకుంది. ఊపిరి కూడా బిగబట్టి ఒక అడుగు పక్కకి వేసింది. పాదం కింద నేల చప్పుడు చేయలేదు. అతను ఆగాడు. విన్నాడు. మళ్ళీ కదిలాడు.

కింద వీధిలో బూట్ల చప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చి కింది గుమ్మం దగ్గర ఆగింది. ఇన్‌స్పెక్టర్ ఆయాసపడుతూ, "వదినా, బాగానే ఉన్నారా?" అని పిలిచాడు.

ఆమె పలకలేదు.

"వదినా," అన్నాడు మళ్ళీ, ఈసారి కంగారుగా. కళ్ళు మూసుకున్న మనిషి తన గొట్టాన్ని కొంచెం పైకెత్తి, ఆమె పలుకుతుందేమోనని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.